బ్లాగు వేదికలు, వాటి ఎడిటర్లు: తెలుగు రచయిత చూసుకోవలసినవి

సభకు నమస్కారం.

కొత్తగా బ్లాగు మొదలుపెట్టాలనుకునేవారు సాధారణంగా అడిగే ప్రశ్న, బ్లాగ్‌స్పాట్ మంచిదా, వర్డ్‌ప్రెస్ మంచిదా అని. ఈ మధ్య ఆ వరుసలో మీడియం, సబ్‌స్టాక్, ఘోస్ట్ కూడా చేరాయి. ఈ ప్రశ్నకు దొరికే సమాధానాల్లో చాలావరకు థీముల అందం గురించో, ఖర్చు గురించో, ఎవరికి ఎందరు చదువరులు వస్తారన్న అంచనా గురించో ఉంటాయి. అవన్నీ అవసరమే. అయితే రచయిత గంటల తరబడి గడిపేది ఎడిటర్ ముందు, అంటే పాఠాన్ని రాసే, దిద్దే తెర ముందు. తెలుగులో రాసేవారికి ఆ ఎడిటర్ ఎంతవరకు అనుకూలంగా ఉంది, మన పాఠాన్ని తెర వెనుక ఏ రూపంలో భద్రపరుస్తోంది, నిన్న తీసేసిన పేరాను ఇవాళ తిరిగి ఇవ్వగలదా, రేపు మనం వేరే చోటికి వెళ్తామంటే చేతికి ఏమిస్తుంది అనే విషయాల మీద చర్చ తక్కువ. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది వాటి గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఎడిటర్లను పోల్చేటప్పుడు పైన కనిపించే బొత్తాల కన్నా లోపల దాచే తీరుకే ఎక్కువ విలువ ఇవ్వాలి, ఎందుకంటే తెలుగు పాఠం దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

కొంచెం చరిత్ర చెప్పుకుంటే ఈ వేదికల స్వభావం త్వరగా అర్థమవుతుంది. పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ 1999 ఆగస్టులో బ్లాగర్‌ను ప్రారంభించింది. మన వాడుకలో బ్లాగ్‌స్పాట్ అంటున్నది దాన్నే. 2003 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని కొన్నది. అదే ఏడాది మే 27న మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి, బీ2 అనే పాత సాఫ్ట్‌వేర్ ఆధారంగా, వర్డ్‌ప్రెస్ మొదటి రూపాన్ని విడుదల చేశారు. అప్పటికి మూవబుల్ టైప్ అనే వేదిక బాగా పేరున్నది; 2004లో దాని లైసెన్సు షరతులు మారడంతో ఎందరో రచయితలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్ వైపు మళ్ళారు. ఇవాళ ప్రపంచంలోని ప్రతి పది వెబ్‌సైట్లలో సుమారు నాలుగు దాని మీదే నడుస్తున్నాయి. బ్లాగర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఇవాన్ విలియమ్స్ 2012లో మీడియం ప్రారంభించారు. వర్డ్‌ప్రెస్ బృందంలో పనిచేసిన జాన్ ఓ నోలన్ 2013లో ప్రజల విరాళాలతో ఘోస్ట్‌ను తెచ్చారు. 2017లో ఈమెయిలు పత్రికల కోసం సబ్‌స్టాక్ వచ్చింది. గమనించండి, వీటిలో చాలావరకు పాత వేదికతో విసిగినవారో, పాత వేదికను దగ్గరగా ఎరిగినవారో కట్టినవి. అందుకే ఒక ఎడిటర్‌లో లోపంగా కనిపించినది మరో ఎడిటర్‌కు పునాది అయింది.

తెలుగు బ్లాగులు విరివిగా వచ్చిన కాలం 2006 తర్వాతిది. వేర్వేరు బ్లాగులను ఒకచోట చూపే కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినుల్లో రోజూ కొత్త టపాలు, అంటే బ్లాగు వ్యాసాలు, కనిపించేవి. అప్పట్లో చాలామంది లేఖిని పేజీలో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసి, పక్కన వచ్చిన తెలుగును తీసుకొచ్చి బ్లాగులో అతికించేవారు. మరికొందరు వర్డ్‌లో రాసుకుని, అక్కడి నుంచి అతికించేవారు. ఇప్పుడు ఫోనులోనే నేరుగా టైపు చేసే వెసులుబాటు వచ్చినా, అతికించే అలవాటు పోలేదు. సుదీర్ఘ వ్యాసం రాసేవారు నేటికీ వేరే చోట రాసుకునే తెస్తారు. కాబట్టి మన వరకు ఎడిటర్‌కు మొదటి పరీక్ష ‘అతికించడం’ దగ్గరే మొదలవుతుంది.

వర్డ్ నుంచి తెచ్చిన పేరాను బ్లాగ్‌స్పాట్ కంపోజ్ పెట్టెలో అతికించి, ఆ తర్వాత హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీని రాసే సంకేత భాష) వీక్షణకు మారి చూడండి. మీరు రాసిన నాలుగు వాక్యాల చుట్టూ పది వరుసల సంకేతాలు ఉంటాయి. ఇది తెలుగు పాఠం, దీని ఫాంటు గౌతమి, దీని పరిమాణం ఇంత, వరుసల మధ్య ఎడం ఇంత అని ప్రతి ముక్కకూ విడివిడిగా రాసి ఉంటుంది. గౌతమి ఫాంటు విండోస్‌తో వచ్చేది. చదువరి చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో అది ఉండదు. అందువల్ల ఒక పేరా ఒక ఫాంటులో, పక్క పేరా మరో ఫాంటులో, ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తాయి. తర్వాత మీరు థీమ్ మార్చి చక్కని తెలుగు ఫాంటు పెట్టుకున్నా, ఆ పాత టపాలు మాత్రం మారవు, ఎందుకంటే వాటిలో ప్రతి ముక్కకూ సొంత ఆజ్ఞలున్నాయి. వర్డ్‌ప్రెస్ బ్లాకు ఎడిటరూ, మీడియం ఎడిటరూ ఇదే పేరాను అతికించినప్పుడు ఆ ఫాంటు సంకేతాలను తీసేసి, పాఠాన్నీ, ముఖ్యమైన గుర్తులనూ మాత్రమే ఉంచుకుంటాయి. బ్లాగ్‌స్పాట్ వాడేవారు కంట్రోల్, షిఫ్ట్, వి మీటలు కలిపి నొక్కి ఉత్త పాఠంగా అతికించుకుంటే ఈ బాధ తప్పుతుంది. బొద్దు అక్షరాలూ లంకెలూ మళ్ళీ పెట్టుకోవాలి, అంతే.

ఇక దాచే తీరు. ఇక్కడ వేదికలు స్పష్టంగా విడిపోతాయి. బ్లాగ్‌స్పాట్‌లో టపా అంటే ఒక హెచ్‌టీఎంఎల్ ముక్క. కంపోజ్‌లో మీరు చేసినదంతా చివరికి ఆ ముక్కగానే మిగులుతుంది. వర్డ్‌ప్రెస్‌లో 2005 చివర్లో వచ్చిన 2.0 నుంచి టైనీఎంసీఈ అనే దృశ్య ఎడిటర్ ఉండేది. అదీ దాదాపు అదే పద్ధతి. 2018 డిసెంబరు 6న వచ్చిన 5.0తో గుటెన్‌బర్గ్ అనే బ్లాకు ఎడిటర్ దాని స్థానంలోకి వచ్చింది. ప్రతి పేరా ఒక బ్లాకు, ప్రతి బొమ్మ ఒక బ్లాకు, ప్రతి శీర్షిక ఒక బ్లాకు. ఆ మార్పు చాలామందికి నచ్చలేదు. పాత ఎడిటర్‌ను తిరిగి తెచ్చే క్లాసిక్ ఎడిటర్ అనే ప్లగిన్‌ను, అంటే అదనంగా చేర్చుకునే చిన్న సాఫ్ట్‌వేర్‌ను, నేటికీ లక్షలాది సైట్లు వాడుతున్నాయి. ఏకధాటిగా రాసేవారికి ప్రతి పేరా చుట్టూ గీతలు, బొత్తాలు పైకి రావడం ఇబ్బందే, నేను కాదనను. అయినా బ్లాకు ఎడిటర్ చేసిన ఒక నిర్ణయాన్ని మెచ్చుకోవాలి. బ్లాకుల సమాచారాన్ని అది వేరే రహస్య రూపంలో దాచలేదు. మామూలు హెచ్‌టీఎంఎల్‌లోనే, బ్రౌజర్ పట్టించుకోని వ్యాఖ్యల రూపంలో, ఇక్కడ పేరా మొదలు, ఇక్కడ ముగింపు అని రాసిపెట్టింది. రేపు వర్డ్‌ప్రెస్ లేకపోయినా ఆ టపాను ఏ బ్రౌజర్‌లోనైనా తెరిచి చదువుకోవచ్చు.

మీడియం దారి వేరు. అక్కడ హెచ్‌టీఎంఎల్ వీక్షణ లేదు. లోపల టపా అంటే పేరాల వరుస. ప్రతి పేరాకు ఉత్త పాఠం ఒకటి, ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా బొద్దు, ఎక్కడ లంకె అనే గుర్తుల పట్టిక ఒకటి ఉంటాయి. దీనివల్ల ఎవరు రాసినా పాఠం శుభ్రంగా ఉంటుంది. కొన్ని పదాలను ఎంచుకుంటే వాటి పైనే చిన్న పనిముట్ల పట్టీ తేలి వస్తుంది. రాసేటప్పుడు తెర మీద ఇంకేమీ ఉండదు. చిత్తుప్రతిని మిత్రులకు పంపి, పక్కన వారు రాసిన గమనికలు చూసి దిద్దుకోవచ్చు. రచయితకు ఏకాగ్రత ఇవ్వడంలో దాన్ని మించిన ఎడిటర్ లేదనే అనుకుంటున్నాను. కానీ పట్టిక గీయడానికి వీలుండదు, శీర్షికలకు రెండే పరిమాణాలు, ఫాంటు మన చేతిలో ఉండదు. శాసనాల పట్టిక ఇవ్వాలనుకునే చరిత్రకారుడికో, గణాల పట్టిక వేయాలనుకునే ఛందస్సు అధ్యాపకుడికో అది పనికిరాదు.

మరో దారి మార్క్‌డౌన్. 2004లో జాన్ గ్రూబర్ ప్రచురించిన ఈ పద్ధతిలో ఉత్త పాఠంలోనే నక్షత్రాల గుర్తులు, గీతలు పెట్టి బొద్దు, శీర్షిక, లంకె చెప్పవచ్చు. ఘోస్ట్ మొదట వచ్చినప్పుడు ఎడమ వైపు మార్క్‌డౌన్, కుడి వైపు దాని రూపం చూపే రెండు పెట్టెల ఎడిటర్ ఉండేది. 2018లో వచ్చిన 2.0తో అది కూడా కార్డులనే బ్లాకుల పద్ధతికి మారింది, మార్క్‌డౌన్ ఒక కార్డుగా మిగిలింది. 2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో వంటి సాధనాల్లో అయితే మార్క్‌డౌన్ ఫైళ్ళే అసలు బ్లాగు. అవి మన కంప్యూటర్‌లోనే ఉంటాయి, మార్పులను నమోదు చేసే గిట్ అనే సాధనం సాయంతో ప్రతి మార్పు చరిత్రా మన దగ్గరే ఉంటుంది. సాంకేతికత తెలిసిన యువ రచయితలకు ఇది మంచి ఎంపిక.

అయితే తెలుగులో మార్క్‌డౌన్ రాసేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. మనకు విభక్తి ప్రత్యయం పదానికి అంటుకునే ఉంటుంది. ‘తెలుగులో’ అన్న మాటలో ‘తెలుగు’ వరకే బొద్దు చేసి ‘లో’ను మామూలుగా వదలాలంటే, రెండు వైపులా రెండేసి నక్షత్రాల గుర్తులు పెడితే పని జరుగుతుంది. నక్షత్రాలకు బదులు కింది గీతలు పెడితే, పదం మధ్యలో వచ్చిన కింది గీతను అది బొద్దు గుర్తుగా తీసుకోదు, గీతలు గీతలుగానే కనిపిస్తాయి. అంతకన్నా విచిత్రం, బొద్దు చేసే పదాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఆ గుర్తులు నక్షత్రాల లోపల ఉండగా, వెలుపల వెంటనే ‘లో’ చేరిస్తే నక్షత్రాలు కూడా పనిచేయవు. విరామ చిహ్నం తర్వాత గుర్తు వచ్చి, దాని వెనుకే అక్షరం వస్తే అది ముగింపు కాదని ఆ నియమం భావిస్తుంది. ఇంగ్లీషులో పదం తర్వాత ఖాళీ ఉంటుంది గనుక వారికి ఇది ఎదురుకాదు. కొటేషన్ గుర్తులను నక్షత్రాల వెలుపలికి తెచ్చుకుంటే సరిపోతుంది.

పద్యం గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఎందుకంటే మన బ్లాగుల్లో పద్యానికి ఉన్న స్థానం చిన్నది కాదు. అచ్చు పుస్తకంలో సీసపద్యాన్ని చూసినప్పుడు పొడవైన పాదాన్ని రెండు వరుసలుగా విడగొట్టి, రెండో సగాన్ని కొంచెం లోపలికి జరిపి, చివర వచ్చే ఎత్తుగీతిని ఇంకో ఎడంతో వేస్తారు. ఆ ఖాళీలు అలంకారం కోసం పెట్టినవి కావు. పాదం ఎక్కడ ముగిసిందో కంటికి చెప్పేవి అవే. హెచ్‌టీఎంఎల్‌లో ఎన్ని ఖాళీలు వరుసగా కొట్టినా బ్రౌజర్ ఒక్క ఖాళీగానే చూపుతుంది. పైగా ఎడిటర్లలో ఎంటర్ మీట నొక్కితే కొత్త పేరా మొదలై పాదాల మధ్య పెద్ద ఎడం వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కితేనే అదే పేరాలో కింది వరుసలోకి వెళ్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక పాదానికీ పాదానికీ మధ్య పేరా అంత ఎడంతో కనిపించే పద్యాలు ఎన్ని బ్లాగుల్లో ఉన్నాయో మీరు చూసే ఉంటారు.

వర్డ్‌ప్రెస్‌లో దీనికోసమే ‘వెర్స్’ అనే బ్లాకు ఉంది. అందులో ఖాళీలు ఖాళీలుగానే, వరుసలు వరుసలుగానే నిలుస్తాయి. సబ్‌స్టాక్‌లో కూడా కవిత్వానికి ప్రత్యేకమైన బ్లాకు ఉంది. మీడియంలో వరుస విరుపు వస్తుంది గాని, వరుస ఖాళీలు నిలవవు. ఎత్తుగీతి సీసపాదాలతో ఒకే అంచున నిలబడాల్సిందే. బ్లాగ్‌స్పాట్‌లో కంపోజ్ వీక్షణలో ఖాళీలు కొట్టి అమర్చుకుంటే కంప్యూటర్ మీద బాగానే కనిపించవచ్చు. ఫోను తెర మీద వరుసలు విరిగి ఆ ఖాళీలు ఎక్కడెక్కడో తేలుతాయి. హెచ్‌టీఎంఎల్ వీక్షణలోకి వెళ్ళి, పద్యాన్ని రాసింది రాసినట్టు చూపే ప్రీ అనే ట్యాగు మధ్య పెట్టడం నేర్చుకున్నవారికి మాత్రం బ్లాగ్‌స్పాట్‌తోనూ ఇబ్బంది లేదు. ఆ వీక్షణ ఉండటం బ్లాగ్‌స్పాట్‌కున్న పెద్ద బలం. మీడియం రచయితకు ఆ అవకాశమే లేదు.

ఇప్పుడు టపా చిరునామా. తెలుగు శీర్షిక పెడితే ఏం జరుగుతుందో వేదికను బట్టి మారుతుంది. బ్లాగ్‌స్పాట్ చిరునామాలో తెలుగు అక్షరాలను ఉంచదు. శీర్షిక మొత్తం తెలుగులో ఉంటే దానికి మిగిలేదేమీ లేదు కనుక ‘బ్లాగ్-పోస్ట్’ అనే ఉమ్మడి పేరు పెట్టి, ఆ పేరుతో ఇప్పటికే టపా ఉంటే వెనుక ఒక అంకె తగిలిస్తుంది. అలా వందల తెలుగు టపాలు ఒకే పేరుతో, అంకెల తేడాతో ఉన్నాయి. ప్రచురించే ముందే పక్క పట్టీలోని పెర్మాలింక్ దగ్గర సొంతంగా ఇంగ్లీషు అక్షరాలతో చిరునామా ఇచ్చుకునే సదుపాయం 2012 నుంచి ఉంది, వాడుకునేవారు తక్కువ.

వర్డ్‌ప్రెస్ తెలుగును ఉంచుతుంది, కానీ అక్కడ మరో సమస్య. యూనికోడ్ అంటే ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటర్‌లో వాడే ఉమ్మడి సంకేతాల పట్టిక. అందులోని తెలుగు గుర్తు ఒక్కొక్కటి, దాన్ని దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. చిరునామాలో ఒక్కో బైటునూ శాతం గుర్తు, దాని వెనుక రెండు అక్షరాలు, మొత్తం మూడు స్థానాల్లో రాస్తారు. అంటే ఒక్క తెలుగు గుర్తుకు తొమ్మిది స్థానాలు. ఇక్కడ గుర్తు అంటే మన కంటికి కనిపించే అక్షరం కాదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు, అంటే 54 స్థానాలు. వర్డ్‌ప్రెస్ ఈ పేరుకు ఇచ్చే జాగా 200 స్థానాలు. ‘తెలుగు పద్యంలో ఛందస్సు నియమాలు’ అని ఒక శీర్షిక పెట్టి లెక్కవేద్దాం. తెలుగు అన్న మాటకు ఆరు, పద్యంలో అన్నదానికి ఏడు, ఛందస్సుకు ఏడు, మొత్తం ఇరవై గుర్తులు, 180 స్థానాలు. మాటల మధ్య అడ్డగీతలు మూడు. నియమాలులోని ‘ని’లో మొదటి గుర్తు ‘న’ చేరితే 192. దాని గుడికి జాగా లేదు, 201 అవుతుంది. కాబట్టి చిరునామా ‘తెలుగు-పద్యంలో-ఛందస్సు-న’ దగ్గర తెగిపోతుంది. ఇలా ‘న’తో, ‘ప’తో ముగిసిన చిరునామాలు మన బ్లాగుల్లో కోకొల్లలు. ఆ లంకెను వాట్సాప్‌లో పంపినప్పుడు చాలాసార్లు తెలుగు కనిపించదు, నాలుగైదు వరుసల శాతం గుర్తుల గుంపు కనిపిస్తుంది. అది చూసి నొక్కడానికి జంకేవారుంటారు. నా సలహా, ప్రచురించకముందే చిరునామా పెట్టెలో చిన్న పేరు మీరే రాయండి. తెలుగులోనే ఉండాలనుకుంటే రెండు మాటలు చాలు. ప్రచురించాక మార్చవద్దు, వేదికను బట్టి పాత లంకెను పంచుకున్నవారికి దారి తప్పే ప్రమాదం ఉంది.

శీర్షికల్లో, పాఠంలో మరో కనిపించని గుర్తు గురించి కూడా చెప్పాలి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట పొల్లుకూ వ అక్షరానికీ మధ్య, రెంటినీ కలవనీయని ఒక శూన్య గుర్తు ఉంటుంది. అది లేకపోతే వ వచ్చి ట కింద వత్తుగా చేరుతుంది. కొన్ని ఎడిటర్లూ, ప్లగిన్లూ అతికించేటప్పుడు కనిపించని గుర్తులన్నీ చెత్తే అనుకుని దీన్ని కూడా తుడిచేస్తాయి. మీ ఎడిటర్‌లో ‘సాఫ్ట్‌వేర్’, ‘బ్లాగ్‌స్పాట్’ అన్న మాటలు అతికించి, సేవ్ చేసి, పేజీని మళ్ళీ తెరిచి చూస్తే దాని సంగతి వెంటనే తేలిపోతుంది.

అలంకారాల గురించి ఎక్కువ చెప్పను. ఇటాలిక్, అంటే వాలు అక్షరం, తెలుగు లిపికి సహజమైనది కాదు. ఆ రూపం లేని ఫాంటును బ్రౌజర్ బలవంతంగా వంచుతుంది, వత్తులు పక్కకు ఒరుగుతాయి. బొద్దు రూపం లేని ఫాంటుకు బొద్దు పెట్టినా అంతే, అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. పేరా మొదటి అక్షరాన్ని పెద్దదిగా చేసే సదుపాయం వర్డ్‌ప్రెస్‌లోనూ మీడియంలోనూ ఉంది. పేరా ‘స్త్రీ’తో మొదలైతే ‘స్’ ఒక్కటే పెద్దదై, మిగిలిన ‘త్రీ’ చిన్నదిగా మిగిలే ప్రమాదం ఉంది. పొల్లు వచ్చిన చోట అక్షరం ముగిసిందని పాత యూనికోడ్ నియమం అనుకునేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒకే యూనిట్‌గా చూడాలన్న నియమం చేరింది. పాత సాఫ్ట్‌వేర్‌తో చదివేవారు ఇంకా ఎందరో ఉన్నారు గనుక ఆ అలంకారాన్ని వదిలేయడం మేలు.

తప్పులు దిద్దుకోవడం గురించి నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. బ్లాగ్‌స్పాట్‌లో పాత రూపాల చరిత్ర లేదు. ప్రచురించిన టపాను తెరిచి, ఒక పేరా తీసేసి, అప్‌డేట్ నొక్కితే ఆ పేరా ఇక మీది కాదు. 1999 నుంచి ఉన్న వేదికలో, వెనుక గూగుల్ అంతటి సంస్థ ఉండగా, ఈ లోటు ఇంకా ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో 2008 జులైలో వచ్చిన 2.6 నుంచే పాత రూపాలు ఉంటున్నాయి. సొంత హోస్టింగ్‌లో, అంటే మీరే అద్దెకు తీసుకున్న సర్వర్‌లో, మీరు పరిమితి పెట్టకపోతే ప్రతి సేవ్‌కూ ఒక రూపం నిలుస్తుంది. ఏ రెంటినైనా పక్కపక్కన పెట్టి ఏ మాట పోయిందో, ఏ మాట చేరిందో చూసుకోవచ్చు. దీనికి తోడు రాస్తున్నంతసేపూ దానంతటదే సేవ్ అవుతూ ఉంటుంది, మీ బ్రౌజర్‌లోనూ ఒక ప్రతి ఉంటుంది. నెట్ ఆగినా, కరెంటు పోయినా ఆ ప్రతి అక్కరకొస్తుంది. ఘోస్ట్ 2023లో ఈ చరిత్రను చేర్చింది. పరిశోధన వ్యాసాలు రాసి, చదువరుల సూచనలతో వాటిని ఏళ్ళ తరబడి సవరించేవారికి ఈ ఒక్క కారణంతోనే నేను వర్డ్‌ప్రెస్ సూచిస్తాను. బ్లాగ్‌స్పాట్‌లోనే ఉండదలచినవారు, పాత టపాను సవరించే ముందు హెచ్‌టీఎంఎల్ వీక్షణలోని పాఠాన్ని తేదీ పేరుతో ఒక ఫైలులో దాచుకోవాలి.

పాదసూచికలు కూడా పరిశోధకుల అవసరమే. వర్డ్‌ప్రెస్ 2023 ఆగస్టులో వచ్చిన 6.3లో వాటిని బ్లాకుగా ఇచ్చింది, సబ్‌స్టాక్‌లోనూ ఉన్నాయి, మీడియంలో లేవు, బ్లాగ్‌స్పాట్‌లో చేత్తో లంకెలు కట్టుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో ఒక సూక్ష్మం ఉంది. టపా పాఠంలో ఉండేది సూచిక అంకె మాత్రమే. సూచికలోని వాక్యాలు వేరే చోట, టపాకు అనుబంధ సమాచారంగా ఉంటాయి. ఇందాక దాని దాచే పద్ధతిని మెచ్చుకున్నాను గాని ఈ విషయంలో ఆ పద్ధతి తప్పింది. టపా పాఠాన్ని మాత్రమే తీసుకుని వేరే వేదికకు వెళ్తే అంకెలు వస్తాయి, వివరణలు రావు.

ఈమెయిలు పత్రికల వేదికల్లో తెలుగుకు ప్రత్యేకంగా ఒక పరిమితి తగులుతుంది. జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటిన మెయిలును మధ్యలో కత్తిరించి, మిగిలినది చూడటానికి లంకె ఇస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటు, తెలుగు గుర్తు మూడు బైట్లు. అంటే ఇంగ్లీషు వ్యాసం హాయిగా పట్టే చోట అంతే పొడవున్న తెలుగు వ్యాసం పట్టకపోవచ్చు. వేదిక చేర్చే సంకేతాల బరువు దీనికి అదనం. సుదీర్ఘ వ్యాసాన్ని మెయిలులో పంపేవారు మొదటి భాగం మాత్రమే పంపి, మిగిలినది సైటులో చదవమనడం మంచిది. ఇంకో సంగతి, పంపిన మెయిలును దిద్దలేం. సైటులోని ప్రతిని దిద్దవచ్చు గాని, వేయి మంది ఇన్‌బాక్సుల్లో ఉన్న అచ్చుతప్పు అక్కడే ఉంటుంది. అందువల్ల ఇలాంటి వేదికల్లో ముందుగా మీకే ఒక పరీక్ష మెయిలు పంపుకుని, ఫోనులో చదివి, ఆ తర్వాతే అందరికీ పంపాలి.

చివరిగా, వెళ్ళిపోయే దారి. వేదికలు మూతపడతాయి. పోస్టరస్ 2013 ఏప్రిల్ 30న, టైప్‌ప్యాడ్ 2025 సెప్టెంబరు 30న మూతపడ్డాయి. విండోస్ లైవ్ స్పేసెస్ మూసినప్పుడు మైక్రోసాఫ్ట్ అక్కడి రచయితలకు, వర్డ్‌ప్రెస్ బ్లాగులను తన సర్వర్లలోనే నడిపే వర్డ్‌ప్రెస్.కామ్ అనే సేవకు మారే దారి చూపింది. ప్రతిసారీ అలా జరగదు. కాబట్టి ప్రతి వేదికలో ఎగుమతి చేస్తే ఏం వస్తుందో తెలుసుకోవాలి. బ్లాగ్‌స్పాట్, వర్డ్‌ప్రెస్ రెండూ టపాలనూ వ్యాఖ్యలనూ కలిపి ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు, అంటే గుర్తులతో కూడిన పాఠం ఫైలు, ఇస్తాయి. మీడియం టపాకు ఒకటి చొప్పున హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళను జిప్ చేసి ఇస్తుంది. ఘోస్ట్ జేసన్ అనే మరో రకం పాఠం ఫైలు ఇస్తుంది.

చాలామందికి తెలియనిది, ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైలులో బొమ్మలు ఉండవు. ఉండేవి బొమ్మల చిరునామాలే. వర్డ్‌ప్రెస్ దిగుమతి సాధనం ఆ చిరునామాలకు వెళ్ళి బొమ్మలు తెచ్చుకోగలదు, కానీ పాత సైటు ఇంకా నడుస్తుంటేనే. తాతల కాలం నాటి ఫొటోలు, తాళపత్రాల స్కానులు, ఊరి గుడి శాసనాల చిత్రాలు బ్లాగుల్లో పెట్టినవారు ఈ సభలోనే కొందరున్నారని నాకు తెలుసు. వాటి అసలు ఫైళ్ళు మీ ఇంట్లో వేరే డిస్కులో ఉన్నాయో లేదో చూసుకోండి. ఎక్స్‌ఎంఎల్ ఫైలును దింపుకున్నాక ఒకసారి తెరిచి, తెలుగు అక్షరాలు తెలుగుగానే కనిపిస్తున్నాయో లేదో చూడండి; వేరే ఎన్‌కోడింగ్‌లో, అంటే వేరే అక్షర సంకేత పద్ధతిలో, తెరిచి అలాగే సేవ్ చేస్తే పాఠం మొత్తం పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. ఆ ఫైలును ఖాళీగా ఉన్న ఒక ఉచిత వర్డ్‌ప్రెస్.కామ్ సైటులోకి దిగుమతి చేసి, ఒక పద్యం ఉన్న టపా, ఒక పట్టిక ఉన్న టపా, ఎక్కువ వ్యాఖ్యలున్న టపా తెరిచి చూస్తే, ఏది నిలిచిందో ఏది పోయిందో ఒక్క సాయంత్రంలో తేలుతుంది. ఆ సైటును ఎవరికీ కనిపించకుండా ప్రైవేటుగా ఉంచుకోవచ్చు. ఇక్కడ లాప్‌టాప్ తెచ్చుకున్నవారికి ఇప్పుడే ఆ పని మొదలుపెట్టడంలో సాయం చేస్తాను. మిగిలినవారి ప్రశ్నలు కూడా ఆ మధ్యలోనే తీసుకుంటాను.